చితాభస్మము - ప్రజారోగ్యము

అమీర్‌పేటను ఆనుకొనియున్న పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉన్నది, శ్మశానవాటికయు ఉన్నది. 2020, 2021 సంవత్సరములలో కరోనా ప్రబలినప్పుడు దేశమున పలుచోట్ల బంధువులు సంచయనమునకు రాక, అస్థికలను ముట్టుటకు జంకిరి. ఆ భయమునకు ఆధారమున్నదా అని మేము విచారింపదలచితిమి.

ఆధారము లేదు. దహనయంత్రములో వేడిమి సుమారు 800 డిగ్రీల సెంటీగ్రేడు దాటును. కరోనా వైరసు నీరు మరుగు వేడికే నశించును. ఇక అగ్నిలో మిగులునదేమి? ఎముకలలోని కాల్షియం ఫాస్ఫేటు, కొద్దిపాటి లవణములు. పెద్దవారి భస్మము సుమారు రెండు మూడు కిలోలుండును. భస్మము వలన అపాయము లేదనియు, అంత్యక్రియలకై సేకరింపవచ్చుననియు కేంద్ర ఆరోగ్యశాఖ 2020 మార్చిలోనే తెలిపినది. నిషేధించినది శవమునకు స్నానము చేయించుట, కౌగిలించుట. గుస్ల్ చేయింపలేని ముస్లిం కుటుంబముల వేదన ఇందులో మరువరానిది.

అపవాదములు కొన్ని కలవు. లుటీషియం అను రేడియోధార్మిక ఔషధము పొంది మరణించిన ఒక రోగిని దహనము చేసిన పిమ్మట, ఆ యంత్రపరికరములలో రేడియోధార్మికత కనబడినట్లు 2019లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. పంటి పూతలలోని పాదరసము భస్మములో నిలువక పొగలో కలియును. కనుక ఇరుగుపొరుగు వారు చూడవలసినది బూడిదను కంటె పొగగొట్టమును. గుండెలో అమర్చిన పేస్‌మేకరు మంటలో పగులును. దానిని ముందుగా ఆసుపత్రిలోనే తీయించవలెను. ఉన్న సంగతి ఇంటివారు కాటికాపరికి చెప్పవలెను.