వెనక పేజీల నుంచి మొదలుపెట్టు

అమలాపురం,
ఆదివారం

చి. అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

మీ నాన్న తోట దస్తావేజులు పట్టుకుని బ్యాంకుకి వెళ్ళాడని మన కొబ్బరి దింపు తీసేవాడు చెబితే తెలిసింది. ఊళ్ళో వాళ్ళు అప్పుడే నిన్ను అమెరికా విమానం ఎక్కించేశారు. నీ ఉత్తరంలో సీఎఫ్ఏ ఉంది, ఎఫ్ఆర్ఎమ్ ఉంది, ఎమ్మెస్ ఫైనాన్స్ ఉంది, తోట మాట మాత్రం లేదు. అది సరే, ఆ హాస్టల్లో రాత్రి భోజనం వేళకి పెడుతున్నారా? పండక్కి వచ్చినప్పుడు బాగా చిక్కిపోయావు.

విద్యా రుణం ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా బ్యాంకు తాకట్టు అడుగుతుంది. చదువు అయ్యేదాకా వాయిదా కట్టక్కర్లేదంటారు గానీ వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది. అమెరికా కోర్సయితే అది స్టెమ్ కిందకి వస్తుందో లేదో ఐ-20 కాగితం మీద చూసుకో. వస్తే చదువయ్యాక అక్కడ పనిచేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలకి మరో 24 కలుస్తాయి, రాకపోతే ఆ 12తోనే సరిపెట్టుకోవాలి. తోట విడిపించగలవో లేదో ఆ లెక్కలోనే తేలుతుంది. యూనివర్సిటీ ర్యాంకు సంగతి ఆ తర్వాత.

మా రోజుల్లో బ్యాంకు వాళ్ళకి సీఏఐఐబీ పరీక్ష ఉండేది. పాసైతే ఇంక్రిమెంటు. మీ అమ్మ అప్పటికింకా లంగావోణీలే, నా నోట్సు ముందేసుకుని నాచేత అప్పజెప్పించుకునేది. తప్పు చెబితే జాలి లేదు! మాతో పనిచేసిన ఒకాయన రెండు భాగాలూ మొదటి దెబ్బకే గట్టెక్కాడు. బల్ల మీద బోర్డులో పేరు కంటే పేరు వెనకాల అక్షరాలే ఎక్కువ. ఆయన మా బ్యాంకు అప్పిచ్చిన ఒక కురిడీ కొబ్బరి గోదాము తనిఖీకి వెళ్ళి, గుమ్మంలోంచే బస్తాలు లెక్కపెట్టి సంతకం చేసొచ్చాడు. మరుసటిసారి నన్ను పంపారు. షావుకారు కుర్చీ వేసి, "ఆయ్, మా సరుకు తమకి తెలీందా అండి" అన్నాడు. నేను కూర్చోలేదు. ముందు వరసలో ఒక బస్తా విప్పి, కాయ తీసి చెవి దగ్గర ఆడించాను. లోపల గుండు గడగడలాడింది, మేలురకం కురిడీ. రెండో వరసా అంతే. మూడో వరసలో బస్తా ఎత్తబోతే తేలిగ్గా పైకి వచ్చేసింది. విప్పితే అన్నీ డొక్కలు. అక్కణ్ణుంచి గోడ దాకా డొక్కలే.

ఈ కథ నీకు చాలాసార్లు చెప్పాను, తెలుసు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు గారు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటపడ్డ రోజున మాత్రం నాకు ఆ మూడో వరసే గుర్తొచ్చింది. పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు లేనే లేవు. దాని మీద వడ్డీ అని రాసుకున్న 376 కోట్లూ లేవు. అంతకు కొన్ని నెలల ముందే ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్సులో గోల్డెన్ పీకాక్ అవార్డు! ఆ షేరు కొనమని రాసిన విశ్లేషకుల్లో డిగ్రీలకి కరువా?

కాబట్టి ఏ పరీక్షకి ఫీజు కట్టినా, అసలు కట్టకపోయినా, వారానికొక వార్షిక నివేదిక చదువు. ఛైర్మన్ గారి ఫొటో జోలికి వెళ్ళకు. వెనక పేజీల నుంచి మొదలుపెట్టు. ఆడిటరు ఏమన్నాడు, బాకీలు ఎన్నాళ్ళుగా ఉన్నాయి, సొంతవాళ్ళ కంపెనీలకి ఎంత వెళ్ళింది, కోర్టులో ఉన్న పన్ను గొడవలెన్ని, ఉందంటున్న నగదు మీద వడ్డీ ఎంత వచ్చింది, ఇవి చూడు. మనకి తెలిసిన సరుకుతో మొదలుపెడితే ఇంకా మేలు. రొయ్యల మేత అమ్మే అవంతి ఫీడ్స్ ఉందిగా, దాని నివేదిక తియ్యి. సెలవుకి వచ్చినప్పుడు రాజోలు వైపు చెరువు గట్టు మీద రైతుని, మేత అరువు ఎన్నాళ్ళకి ఇస్తున్నారో అడుగు. ఆ జవాబు పక్కన పెట్టుకుని కంపెనీకి రావలసిన బాకీల పేజీ తిరగెయ్యి. ఇది నీకు ఏ కోచింగు సెంటరూ చెప్పదు. మళ్ళీ ఉపన్యాసం మొదలైందని నవ్వుకుంటున్నావు కదూ, నవ్వుకో తల్లీ.

ఇక పరీక్షలు. ముందు ఎన్ఐఎస్ఎమ్ వాళ్ళ రీసెర్చ్ అనలిస్టు పరీక్ష రాయి, మన దేశంలో కంపెనీల షేర్లు విశ్లేషించే పనికి సెబీ అడిగేది అదే. తర్వాత సీఎఫ్ఏ. మూడు లెవెల్స్, ఒక్కోదానికి మూడొందల గంటల చదువని వాళ్ళే అంటారు. మొదటిది రాసినవాళ్ళలో సగం మంది కూడా దాటడం లేదు. మూడూ దాటినా 4,000 గంటల పని అనుభవం చూపిస్తేనే చార్టర్ ఇస్తారు. నీ ఇప్పటి పని ఆ లెక్కలోకి వస్తుందో రాదో ముందే కనుక్కో. ఫీజు డాలర్లలో కాబట్టి యాక్సెస్ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టు. మీ పెద్దన్నయ్య పాత పుస్తకాలు మాత్రం అడక్కు. వాడిది హైదరాబాద్ ఇక్ఫాయ్ వాళ్ళ సీఎఫ్ఏ, ఇది అమెరికా వాళ్ళది. ఆ పేరు కోసం రెండు సంస్థలూ కోర్టుకెక్కాయి కూడా. ఎఫ్ఆర్ఎమ్ బ్యాంకుల్లో రిస్కు చూసేవాళ్ళకి పనికొస్తుంది. నీ మనసు కంపెనీల మీద ఉన్నప్పుడు అదెందుకు?

పెద్ద చదువే కావాలంటే విశాఖలో ఐఐఎమ్ 2015 నుంచి నడుస్తోంది. గచ్చిబౌలిలో నీ ఆఫీసుకి దగ్గర్లోనే ఐఎస్‌బీ ఉంది. అక్కడి ఏడాది కోర్సుకి సాధారణంగా రెండేళ్ళ అనుభవం అడుగుతారు, నీకు వచ్చే వేసవికి నిండుతాయి. ఫీజు తక్కువేం కాదు, అయినా అప్పు రూపాయల్లో, జీతమూ రూపాయల్లో.

బావతో నేను మాట్లాడతాను, నువ్వు కంగారుపడకు. ఆత్రేయపురం పూతరేకులు రేపు రాత్రి బస్సుకి పంపిస్తున్నాను. బెల్లంవి నీకు, పంచదారవి నీ రూమ్మేటుకి.

ఆశీస్సులతో,
మావయ్య

తా.క. అవంతి నివేదిక నోట్సులో అర్థం కానివి మూడు రాసి పంపు. అన్నీ అర్థమయ్యాయని రాస్తే ఊరుకోను.