బోటెక్కే ముందు కాళ్ల సంగతి

విశాఖపట్నం

చిన్నా,

ఐఎన్‌ఎస్ శాతవాహనలో జలాంతర్గామి శిక్షణ పూర్తయిందనీ, త్వరలోనే బోటు మీదికి వెళ్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం నాయనా. జలాంతర్గామి విభాగం కోరుకున్నవాళ్లు వెళ్లేచోటు. నువ్వు కోరి వెళ్తున్నావు, అది నాకు గర్వంగా ఉంది. ఆ మాటల్లోనే అమ్మ ఇంకో సంగతి కూడా అంది. అంత పెద్ద కొలువుకు వెళ్తున్నావని, విజయనగరంలో దొరికే బూట్లలో అన్నిటికంటే గట్టివి, మందపాటి అట్టతో ఉన్నవి కొనిపెడుతుందట. వద్దమ్మా అన్నాను. ఎందుకు వద్దో ఫోన్లో తనకు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే నీకు రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

చిల్కా నేవీ శిక్షణ కేంద్రంలో నీకు మొట్టమొదట నేర్పింది మడమ నేలకేసి కొట్టడం. బూటు మడమకు ఇనుప నాడా, అట్టకు మేకులు, అందరి కాళ్లూ ఒక్కసారి పడితే మైదానం అదరాలి. కవాతుకు అదే అందం, కాదనను. బోటులో మొదట మానుకోవలసింది మాత్రం ఆ అలవాటే. నీ సీనియర్లు నీ నడక వినే నువ్వు కొత్తవాడివని పట్టేస్తారు. కొందరు ఆ నడక మార్చుకోవడానికి నెలలు తీసుకుంటారు. నువ్వు ఇవాళే ఇంట్లో మొదలుపెట్టు. మేడ మెట్లు దిగేటప్పుడు ముందు ముని పాదం ఆన్చి, తర్వాత మడమ దించు.

ఇందులో సైన్సు ఉంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. సముద్రపు నీళ్లలో 1,500 మీటర్లు. ఉక్కులో 5,000 పైమాటే. వేగం ఒక్కటే కాదు, ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి శబ్దం ఎంత సులువుగా దిగుతుందన్నది అసలు విషయం. నువ్వు మాట్లాడితే ఆ మాట గాలిలో పుడుతుంది. గాలికి, ఉక్కుకు పొత్తు కుదరదు కనుక చాలావరకు గోడకు తగిలి వెనక్కి వచ్చేస్తుంది. మడమ తగిలిన దెబ్బ అలా కాదు, అది పుట్టడమే ఉక్కులో. నేల ఫలకంలోంచి చట్రంలోకి, చట్రంలోంచి బోటు ఒంటి రేకులోకి, అక్కణ్ణుంచి నీళ్లలోకి అడ్డూ ఆపూ లేకుండా దిగిపోతుంది. కింద పడ్డ స్పానరూ అంతే, విసురుగా మూసిన తలుపూ అంతే. కాబట్టి బోటులో నిశ్శబ్దం పాటించమన్నప్పుడు గొంతు తగ్గించడం మంచిదే గాని, మడమ తగ్గించడం అంతకంటే ముఖ్యం.

మోటార్లు, పంపులు చేసే చప్పుడు ముందు మనిషి అడుగు ఏపాటిదని నువ్వు అడగొచ్చు. మంచి ప్రశ్నే. యంత్రాల మోత ఎక్కువే, అందుకే వాటిని రబ్బరు దిమ్మల మీద కూర్చోబెడతారు. మన సింధుఘోష్ తరగతి బోట్లకు ఒంటి నిండా రబ్బరు పలకలు తాపడం చేసి ఉంటాయి. అవి శత్రువు పంపే సోనార్ ధ్వనిని మింగడంతో పాటు లోపలి చప్పుడు బయటికి పోకుండా కూడా ఆపుతాయి. అయితే సోనార్ దగ్గర కూర్చున్నవాడి చెవి పెద్ద చప్పుడు కోసం మాత్రమే వెతకదు, తేడా కోసం వెతుకుతుంది. సముద్రంలో అలల హోరు ఉంటుంది, వానపడే సవ్వడి ఉంటుంది, మన వెచ్చని నీళ్లలో రొయ్యలు చిటపటలాడుతూనే ఉంటాయి. వాటన్నిటి మధ్య ఇనుము మీద ఇనుము తగిలిన ఒక్క టక్కు వినబడితే, అది ప్రకృతిలోది కాదని అతను ఇట్టే పసిగడతాడు. ఇన్ని కోట్లు పోసి, ఇంతమంది ఇంజనీర్లు కష్టపడి సంపాదించిపెట్టిన నిశ్శబ్దాన్ని ఒకడి మడమ పాడుచేయకూడదు. మెత్తని అట్ట తొడుక్కోమని నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

శత్రువు సంగతి అలా ఉంచు. రోజూ నీ అడుగు వినేది నీ తోటివాళ్లు. సముద్రంలో ఉన్నన్నాళ్లూ పని వంతులవారీగా సాగుతుంది. ఏ వేళ చూసినా కొందరు నిద్రలో ఉంటారు. పడకలు నడిచే దారి పక్కనే, కొన్నిచోట్ల టార్పెడోల పక్కనే. నీ చీలమండకు జానెడు దూరంలో ఒకడి తల ఉంటుంది. వాడు రెండు గంటల్లో లేచి బల్లాస్ట్ పానెల్ దగ్గరో, చుక్కాని దగ్గరో కూర్చోవాలి. వాడి నిద్ర చెడితే ఆ నష్టం అందరిదీ. మా బోటులో ఒక పెద్ద చీఫ్ ఉండేవారు, మనిషి భారీ. ఆయన పక్కనుంచి వెళ్లారన్న సంగతి గాలి కదిలితేనే తెలిసేది. నేను ఆయన దగ్గర ఎన్నో పనులు నేర్చుకున్నాను. వాటన్నిటిలో ఆ నడకనే ఎక్కువ గౌరవిస్తాను.

ప్రపంచంలో జలాంతర్గాములు నడిపినవాళ్లలో చాలామంది తిరిగి తిరిగి తేలికపాటి, మెత్తటి పాదరక్షల దగ్గరికే వచ్చారు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్‌లో తిరిగిన అమెరికన్ బోట్లలో నావికులు పొట్టి లాగులు, తోలు శాండల్స్‌తో పనిచేసేవారు. వేడికి అదే సుఖం. ఇప్పుడు వాళ్లు సముద్రంలోకి దిగాక కవరాల్ మీద క్రీడాకారులు వాడే మెత్తటి బూట్లు వేసుకుంటారు. రష్యన్లది ఇంకో పద్ధతి. నీలిరంగు నూలు దుస్తులు, కాళ్లకు పైతోలు నిండా చిల్లులున్న తేలికపాటి చెప్పులు. చూడ్డానికి ఇంట్లో వేసుకునేవాటిలా ఉంటాయి గాని, ఆ చిల్లుల వెనక చాలా అనుభవం ఉంది.

ఆ అనుభవం వేడిది, చెమటది. సోవియట్లు కట్టిన ఫాక్స్‌ట్రాట్ తరగతి బోట్లు ప్రధానంగా ఉత్తరాది చలి సముద్రాలను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. మన మొదటి జలాంతర్గామి కల్వరి ఆ తరగతిదే; అది 1967 డిసెంబర్ 8న రీగాలో నేవీలో చేరింది, ఆ రోజునే మనం జలాంతర్గామి దినంగా జరుపుకుంటాం. అదే తరగతికి చెందిన నాలుగు సోవియట్ బోట్లు 1962 అక్టోబర్‌లో క్యూబా వైపు వెళ్లి వెచ్చని నీళ్లలో చిక్కుకున్నాయి. లోపల కొన్నిచోట్ల వేడి 50 డిగ్రీల చుట్టుపక్కలకు చేరింది. తాగే నీళ్లు కొలిచి ఇచ్చారు. నావికుల ఒంటి నిండా పొక్కులు, పుళ్లు లేచాయి. అలాంటి గాలిలో పాదాన్ని రోజంతా మూసిపెట్టిన తోలు బూటులో ఉంచితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. వేళ్ల సందుల్లో ఒరుస్తుంది, తర్వాత పగులుతుంది, తర్వాత చీము. మా రోజుల్లో బోటులో చాలామందిమి నల్లతోలు శాండల్సే వాడాం. ఇప్పటి బోట్లలో ఏసీ బాగుంటుంది, నిజమే. నీళ్ల పొదుపు మాత్రం ఇంకా ఉంది, ఇంట్లో మాదిరి రెండుపూటలా స్నానం అక్కడ కుదరదు.

కాబట్టి మేజోళ్లు నూలువే కొనుక్కో, నైలాన్ వద్దు. రోజుకో జత మార్చు. స్నానం లేకపోయినా పరవాలేదు, తడిగుడ్డతో పాదాలు తుడుచుకుని, వేళ్ల మధ్య పొడిగా ఒత్తి, పౌడర్ అద్దుకో. ఒకే జత పాదరక్షలు వరసగా రెండు రోజులు వేయకు, ఒక జత ఆరుతుంటే ఇంకో జత వాడు. గోళ్లు సముద్రంలోకి వెళ్లే ముందే తీసుకో.

బ్యాటరీ గదుల గురించి వేరే చెప్పాలి. మన డీజిల్-విద్యుత్ బోటు నీళ్లకింద నడిచేది సీసం-ఆమ్లం బ్యాటరీల మీద. ఛార్జింగ్ అవుతున్నప్పుడు వాటినుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. ఇనుప మేకుల బూటు అక్కడికి పోనే కూడదు. నీది ఎలక్ట్రికల్ పని కనుక, ఆ గుంటల్లోకి వంగి పాక్కుంటూ వెళ్లాల్సిన రోజులు వస్తాయి. అప్పుడు రబ్బరు బూట్లే. ఆమ్లం చుక్క పడితే నూలు మేజోడు నిలవదు, తోలు బూటు కుట్లు కూడా పుచ్చిపోతాయి. పని అయ్యాక ఆ బూట్లు కడిగి, వాటి చోట వాటిని పెట్టి మరీ రా. ఆ బూట్లతోనే భోజనాల బల్ల దగ్గరికి నడిచి రావద్దు.

మెత్తటివి వేసుకోమన్నాను కదా అని అన్నిచోట్లా వాటితోనే తిరగకు. జెట్టీ దగ్గర టార్పెడోలు ఎక్కించేటప్పుడు వేళ్ల మీద ఉక్కు టోపీ ఉన్న బూటు తప్పనిసరి. ఒక్కో టార్పెడో దాదాపు 7 మీటర్ల పొడవు, రెండు టన్నుల వరకు బరువు. గొలుసు జారితే శాండల్‌లో కాలు మిగలదు. కేసింగ్ మీదికి, అంటే బోటు వీపు మీదికి వెళ్లేటప్పుడు జారని అట్ట ఉన్నవే వేసుకో. అది గుండ్రంగా ఉంటుంది, తడిగా ఉంటుంది, పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. లైఫ్ జాకెట్, నడుము తాడు లేకుండా అడుగు పెట్టకు. పెద్ద సముద్రపు బూట్లు వేసుకోవాల్సి వస్తే ఒక సైజు వదులువే తీసుకో. నీళ్లలో పడితే అవి నిండి కిందికి లాగుతాయి, విదిలిస్తే ఊడిపోవాలి. పాత నావికులు అలాగే ఎంచుకునేవారు.

ఇక నిప్పు. 2014 ఫిబ్రవరిలో ముంబై తీరానికి ఆవల మన సింధురత్న జలాంతర్గామిలో పొగ కమ్మి ఇద్దరు అధికారులు చనిపోయారు. దానికీ పాదరక్షలకూ సంబంధం లేదు. అంత ఇరుకులో పొగ ఎంత త్వరగా కమ్ముతుందో నీ మనసుకు ఎక్కాలని గుర్తుచేస్తున్నాను. అలారం మోగితే చీకట్లోనైనా నీ కాళ్లకు నీ బూట్లు దొరకాలి. నిద్రకు పోయేముందు ఒకే చోట, ఒకే వైపు తిప్పి పెట్టుకో. బోటు ముక్కు దించి దిగేటప్పుడు జారిపోకుండా కట్టేసే పెట్టు. ఒకే పడకను వంతులవారీగా ఇద్దరు వాడుకునే చోట జతలు తారుమారవుతాయి, నీవాటికి లోపల గుర్తు వేసుకో. ప్లాస్టిక్ శాండల్స్ కొననే వద్దు. వేడికి కరిగి చర్మానికి అంటుకుంటాయి. హవాయి చెప్పులు స్నానాల గదికే పరిమితం. నిచ్చెన మీద ఊడి పడతాయి, పైగా నడిస్తే టపటపమంటాయి.

ఇప్పుడు అమ్మకు ఏం కొనమని చెప్పాలో రాస్తున్నాను. నేవీ ఇచ్చేవి ఇస్తుంది, ఏవి వేసుకోవాలన్న విషయంలో మీ బోటు కాక్స్‌వైన్ మాటే ఆఖరి మాట. సొంతంగా తెచ్చుకోనిస్తే మాత్రం ఇలా చూసుకో. అట్ట డీజిల్‌ను తట్టుకునే రబ్బరుది కావాలి. మామూలు రబ్బరు డీజిల్ తగిలి ఉబ్బుతుంది. పరుగుల బూట్లకు వేసే నురుగు అట్ట తేలిగ్గా ఉంటుంది గాని నూనె మీద జారుతుంది. పాలియురెథేన్ అట్ట ఉన్నవి తగ్గింపు ధరలో దొరికాయని పాత స్టాకు కొనకు. మన తీరంలోని తేమకు అది పెట్టెలో ఉండగానే లోలోపల చివికిపోయి, ఒకరోజు నడుస్తుండగా పొరలు పొరలుగా రాలిపోతుంది. అట్ట గాడులు మరీ లోతుగా ఉండకూడదు. జెట్టీ మీది గులకరాళ్లు, ఇనుప రజను వాటిలో ఇరుక్కుని లోపలికి వస్తాయి. నేల ఫలకాల సందుల్లోంచి బోటు అడుగుకు చేరి పంపు జల్లెడల్ని మూస్తాయి. ఎక్కేముందు అట్ట తుడుచుకోవడం మర్చిపోకు. కొత్తవి తడి లినోలియం మీద కిచకిచలాడుతాయి కనుక ముందు ఒక వారం ఇంట్లో వేసి తిరుగు. పొడవు లేసులు వాల్వ్ చక్రాలకు చిక్కుకుంటాయి. మడమను పట్టి ఉంచే బకిలో, పొట్టి లేసో ఉన్నవి చూసుకో. కొలత సాయంత్రం పూట ఇవ్వు, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది.

వెళ్లేలోగా వీలైతే ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సురా జలాంతర్గామికి ఒకసారి వెళ్లిరా. 1969లో నేవీలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి అక్కడ మ్యూజియంగా ఉంది. చిన్నప్పుడు చూశావు, నాకు తెలుసు. అప్పుడు టార్పెడో గొట్టాలు చూశావు. ఇప్పుడు కింద చూడు. ఒక గదినుంచి ఇంకో గదికి దాటే ఆ గుండ్రని ద్వారాల్లో కాలు ఎలా ఎత్తిపెట్టాలో, మడమ ఎక్కడ తగిలే వీలుందో గమనించు. సందర్శకులు లేనివేళ ఒక ఫలకం మీద బూటుతో, తర్వాత మెత్తటి చెప్పుతో నడిచి రెండు చప్పుళ్లూ విను. నేను రాసినదంతా నీ చెవే నీకు చెబుతుంది.

చివరిగా ఒక్క కోరిక. కుర్రతనంలో కాలిమీద చిన్న పుండు ఉంటే చెప్పుకోవడం నామోషీ అనిపిస్తుంది. సముద్రంలోకి వెళ్లే ముందురోజు అయితే అసలు చెప్పాలనిపించదు, ఎక్కడ దింపేస్తారో అని భయం. బోటు ఒకసారి మునిగాక ఒకడి కాలికోసం పైకి తేలదు. నడవలేనివాడి వంతు పని ఇంకొకడు చేయాలి. అందుకని పాదం మీద ఏ మాత్రం ఎరుపు, వాపు, చీము కనిపించినా బోటెక్కకముందే వైద్యుడికి చూపించు. ఈ ఒక్కటీ నా మాట విను నాయనా.

నీ మావయ్య