గ్రామ పరిచయము: పరిటాల పరగణా

గుంటూరు యార్డునకు మిరపకాయ తోలుకొని పోవు మన మెట్టసీమ రైతులలో పరిటాల మీదుగా పోనివారు అరుదు. విజయవాడనుండి హైదరాబాదునకు పోవు రహదారి ప్రక్కన, 2003వ సంవత్సరమున ప్రతిష్ఠింపబడిన 135 అడుగుల వీరాభయాంజనేయస్వామి విగ్రహము దూరమునకే కానవచ్చును. లారీ ఆపి, టెంకాయ కొట్టి, టీ త్రాగి మరల సాగిపోవుట వాడుక. ఆ రహదారి దిగి చేల గట్ల వెంట నడచినవారు కొలదిమందియే. ఈ మాసమున చదువరులను మేము ఆ గట్లవెంట తీసికొనిపోదలచితిమి.

పరిటాల నేడు ఎన్.టి.ఆర్. జిల్లా కంచికచర్ల మండలములోనిది. 2022వ సంవత్సరము వరకు కృష్ణా జిల్లాలోనిది. ఒక ప్రక్క రాతికొండలు, ఒక ప్రక్క నల్లరేగడి, దక్షిణమున కృష్ణానది. నది ఇంత చేరువనున్నను నీరు అందని సీమ యిది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనప్పుడు కాలువలు దిగువకు, సముద్రమువైపునకు పోయెను గాని ఎగువనున్న మెట్టకు రాలేదు. కావున ఇచ్చటి పూర్వులు జొన్న, కంది, ప్రత్తి వానను నమ్మి పండించిరి. నాగార్జునసాగరు ఎడమ కాలువ వచ్చిన పిమ్మట నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల స్థితి కొంత మారినది. అయినను కాలువ చివరి భూములవారికి నీటి సంగతి మేము చెప్పనక్కరలేదు.

ఈ నేలకు లోకమున పేరు వచ్చినది పంటవలన గాదు. రేగడి క్రింద గులకరాళ్ల పొర యొకటి కలదు. వజ్రములు భూమి అగాధమున పుట్టి, కరగిన రాతితో పైకి వచ్చి, ఆ రాయి కోట్లాది యేండ్లు అరుగగా వరదలవెంట కొట్టుకొనివచ్చి ఆ పొరలో నిలిచినవి. గోలకొండ వజ్రములని దేశదేశముల వాడబడినవి గోలకొండ కోటలో దొరికినవి కావు. కృష్ణ కిరుగడలనున్న కొల్లూరు, పరిటాల మొదలగు గనులలో దొరికి, గోలకొండ బజారున అమ్ముడుపోయినవి. కొల్లూరు గని నేడు పులిచింతల జలాశయమున మునిగియున్నది.

గని పని యెట్లు జరిగెడిదో 17వ శతాబ్దమున ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కొల్లూరున కన్నులార చూచి వ్రాసినాడు. మగవారు పది పదునాలుగు అడుగుల లోతువరకు త్రవ్వెడివారు. ఆడవారును పిల్లలును ఆ మన్ను మోసికొనివచ్చి గోడలు కట్టిన మడిలో పోసెడివారు. నీరు పోసి ఒకటి రెండు దినములు నాననిచ్చి, బురద జారవిడిచి, మిగిలినదానిని ఎండబెట్టి, చేటలతో ధాన్యమువలె చెరిగెడివారు. పిమ్మట గడ్డలు చితుకగొట్టి మరల చెరిగి, పరచి వెదకెడివారు. ఈ పనిలో వ్యవసాయదారునికి తెలియని పనిముట్టు ఒక్కటియు లేదు. పార, తట్ట, చేట, రోకలి, అంతియే. ఆ కూలీలలో పలువురు చేలనుండియే వచ్చినవారై యుందురని మేము తలచుచున్నాము.

వారికి దక్కినదేమి? టావెర్నియే తాను చూచిన వేరొక గనిలో, పని బాగుగ తెలిసినవానికే సంవత్సరమునకు 3 వరహాలు ముట్టెడివని వ్రాసెను. దీనిని గుర్తుంచుకొని ఈ బేరము చూడుడు. 1701–02లో జామ్‌చంద్ అను వర్తకుడు చెన్నపట్టణపు గవర్నరు థామస్ పిట్టునొద్దకు ఒక పెద్ద ముడివజ్రము తెచ్చెను. దాని తూకము 400 క్యారెట్లకు మించినది. కొందరు దానిని కొల్లూరు గనిదనియు, కొందరు పరిటాల గనిదనియు వ్రాసిరి. జామ్‌చంద్ 2 లక్షల వరహాలు అడిగెను. పలుమారులు వచ్చిపోయి, తగ్గి తగ్గి, 48,000 వరహాలకు ఇచ్చివేసెను. పిట్టు దానిని ఇంగ్లండున సానబట్టించి 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి లక్షా 35 వేల పౌనులకు అమ్మెను. నేడది రీజెంటు వజ్రమను పేర పారిసు నగరమున లూవ్ర్ ప్రదర్శనశాలలో నున్నది. జామ్‌చంద్ తగ్గించి యిచ్చిన ధరయే 3 వరహాల కూలివానికి 16,000 సంవత్సరముల జీతము. మన్ను మోసిన ఆడకూలి పేరు ఏ చిట్టాలోను లేదు.

గనుల పేరాశ ఇంకొక విచిత్రమునకు దారితీసెను. 1766 నవంబరు 12వ తేదీన నిజాం అలీఖాను ఉత్తర సర్కారులను కుంఫిణీవారికి ఇచ్చుచు సంధి వ్రాసికొనినప్పుడు, వజ్రపు గనులును వానికి చేరిన గ్రామములును మాత్రము తనకే యుండవలెనని నిలుపుకొనెను. పరిటాల, గని ఆత్కూరు, మొగులూరు, కొడవటికల్లు మొదలగు ఏడు గ్రామములు ఆ విధమున నైజాము పరగణాగా మిగిలిపోయినవి. చుట్టును ఇంగ్లీషువారి ఏలుబడి. గని ఆత్కూరు పేరిటనే ఆ గని నేటికిని నిలిచియున్నది. తరువాత గనులు వట్టిపోయినవి. ఎల్లలు మాత్రము పోలేదు. వజ్రములకై గీచిన గీత, వజ్రములు లేని కాలమున జొన్నచేల నడుమ నిలిచిపోయెను.

ఆ గీత రైతునకు ఏమి చేసినది? చెన్నరాజధానిలో ఫసలీ సంవత్సరము జూలై మొదటి తేదీన మొదలగును. నైజాము సంస్థానమున అక్టోబరు తొలివారమున మొదలగును. అచ్చట కచేరీ భాష ఉర్దూ. అచ్చటి నాణెము హాలీ సిక్కా. ఇంచుమించుగా 7 హాలీ రూపాయలు 6 ఇంగ్లీషు రూపాయలకు సమానము. ప్రత్తి అమ్మబోవు సంత గట్టుకావలి రాజ్యములోనిదైనప్పుడు ఈ మారకపు లెక్క ఎవరికి లాభించెనో ఊహింపవచ్చును. మన సంఘమువారికి ముఖ్యమైనది మరొకటి కలదు. సహకార పరపతి సంఘముల చట్టము చెన్నరాజధానికి 1904లో వచ్చెను. నైజాము సంస్థానమునకు అట్టి చట్టము 1914లో గాని రాలేదు. ఒకే వాన, ఒకే మన్ను, ఒకే పురుగు గల రెండు చేలలో ఒకదాని యజమానికి సంఘపు అప్పు దొరుకు త్రోవ పదియేండ్లు ముందు తెరువబడెను. రెండవవానికి షావుకారే దిక్కు.

ఇట్టి ఊళ్లు లోకమున అక్కడక్కడ కలవు. జర్మనీకి చెందిన బ్యూసింగెన్ అను చిన్న గ్రామము రైను నది యొడ్డున, నాలుగు వైపులను స్విట్జర్లాండుచే చుట్టబడియున్నది. ఆ రెండు ప్రభుత్వములు ఒడంబడిక చేసికొని, 1967 నుండి ఆ గ్రామమును స్విస్సు సుంకపు ఎల్లలోనే చేర్చుకొనినవి. జెండా ఒకరిది, సంత మరొకరిది. ఇది తెలివైన పని. పరిటాలకట్టి సర్దుబాటు జరుగలేదు.

1947 ఆగస్టు 15న చుట్టుపట్ల గ్రామములన్నియు స్వతంత్రమైనవి. ఈ ఏడు గ్రామములు మాత్రము భారత యూనియనులో చేరక నిలిచిన నైజాము క్రిందనే యుండిపోయెను. అప్పుడు పరిటాల ప్రజలు తామే లేచి నైజాము అధికారమును త్రోసిపుచ్చి, తమది స్వతంత్ర ప్రజారాజ్యమని 1947లోనే చాటుకొనిరి. ఏడు పల్లెల రాజ్యమని నవ్వువారు నవ్వవచ్చును. మేము నవ్వము. రజాకార్ల భయము నిండిన దినములలో జెండా ఎత్తుటకు గుండె కావలెను. 1948 సెప్టెంబరున భారతసైన్యము హైదరాబాదు ప్రవేశించుటతో నైజాము పాలన ముగిసెను. 182 సంవత్సరములు వేరుగానున్న గ్రామములు తరువాత కృష్ణా జిల్లాలో కలిసినవి.

నేడు పరిటాల పరిసరమున త్రవ్వబడునది కంకరరాయి. దొనబండ వైపున కొండలు పగులగొట్టబడుచున్నవి. రోళ్లు, దారులు, మేడలు అన్నియు ఆ రాతివే. క్వారీల దుమ్ము ప్రత్తిపూతపై పడుచున్నదని వాపోవు రైతులు కలరు. పట్టాభూమి కౌలుకు అడిగినప్పుడు, సంతకము చేయకమునుపు రైతు ఒక్క లెక్క వేసికొనవలెనని మా మనవి: కౌలు డబ్బు ఎన్ని పంటలకు సాటి? ఎంత లోతు త్రవ్వుదురు? పై మట్టిని ఎచ్చట పోయుదురు? గుంత పూడ్చు పూచీ ఎవరిది? ఇవి నోటిమాటగా విడువక కాగితముపై వ్రాయించుకొనవలెను. చదువను రానివారు సంఘ కార్యదర్శిచే చదివించుకొనవచ్చును.

వజ్రపు ఆశయు పూర్తిగా చావలేదు. తొలకరి జల్లులకు పైమన్ను కొట్టుకొనిపోయిన పిమ్మట, చందర్లపాడు మండలము గుడిమెట్ల కొండలచెంత ఆడవారు, మగవారు, పిల్లలు నడుము వంచి వెదకుచుందురు. దూరపు ఊళ్లనుండి వచ్చి చెట్లక్రింద వండుకొని తినువారును కలరు. మెరయు రాయి దొరికినచో దాని తూకము వేయువాడును, మేలిమి చెప్పువాడును, ధర కట్టువాడును కొనువాడే. చీటి యుండదు.