తొలి మహిళా ఐ.పి.ఎస్. కిరణ్ బేడీ - తీహార్ జైలు నేర్పే పాఠం

టి.వి.లో "కర్తవ్యం" సినిమా వస్తే చూడకుండా లేచిపోయే వారు మనలో తక్కువ. 1990లో వచ్చిన ఆ చిత్రానికి విజయశాంతి గారు జాతీయ ఉత్తమ నటి అవార్డు అందుకున్నారు. ఆ పాత్రకు స్ఫూర్తి కిరణ్ బేడీ. అయితే సినిమాలో మనం చూసేది ఫైటింగులు. ఆమె చేసిన అసలు పని వేరే ఉంది.

కిరణ్ బేడీ 1949 జూన్ 9న అమృత్‌సర్‌లో జన్మించారు. నలుగురు ఆడపిల్లల్లో రెండో అమ్మాయి. టెన్నిస్ క్రీడాకారిణి. ఐ.పి.ఎస్.కు ముందు కొంతకాలం రాజనీతి శాస్త్రం బోధించారు. నిజం చెప్పాలంటే ఆమెది మన ఇళ్ల లాంటి ఇల్లు కాదు, చదువుకు కొరత లేని కుటుంబం. అయినా 1972లో ఐ.పి.ఎస్.లో చేరి మౌంట్ అబూ అకాడమీలో అడుగుపెట్టేసరికి అంతమంది మగవాళ్ల మధ్య ఆమె ఒక్కరే ఆడమనిషి. 1975 రిపబ్లిక్ డే కవాతులో ఢిల్లీ పోలీసు దళానికి ముందు నడిచింది ఆమే.

జి.కె. పుస్తకాల్లో ఒక మాట కనిపిస్తుంది: ఇందిరాగాంధీ కారును కిరణ్ బేడీ క్రేన్‌తో లాగించారని. ఇది సరిగ్గా నేర్చుకోవాలి. 1982లో ఆమె ఢిల్లీ ట్రాఫిక్ డి.సి.పి.గా ఉన్నప్పుడు, కన్నాట్ ప్లేస్‌లో తప్పుగా నిలిపిన ప్రధాని కార్యాలయం కారును తీయించింది ఒక సబ్ ఇన్‌స్పెక్టర్. ఆ సమయంలో ఇందిరాగాంధీ దేశంలోనే లేరు. అతని మీద చర్య తీసుకోవాలని ఒత్తిడి వస్తే బేడీ అతని వెనక నిలబడ్డారు. కారు లాగడం కన్నా ఇదే కష్టం అని నా అభిప్రాయం.

ఆమె చేసిన ప్రతిదీ మెచ్చుకోనక్కర లేదు. 1988 జనవరిలో ఢిల్లీ తీస్ హజారీ కోర్టు దగ్గర లాయర్ల మీద జరిగిన లాఠీచార్జిని జస్టిస్ వాధ్వా కమిషన్ తప్పుపట్టింది. పోలీసు వచ్చాడంటే తలుపులు వేసుకునే పేటల నుంచి వచ్చిన మనకు లాఠీ సంగతి వేరే చెప్పాలా!

ఇక తీహార్. 1993 మే నెలలో ఆమెను ఢిల్లీ కారాగారాల ఐ.జి.గా వేశారు. పోలీసు అధికారులు కోరుకునే పోస్టు కాదది. సుమారు రెండున్నర వేల మందికి సరిపోయే చోట ఎనిమిది వేల మందికి పైగా ఉన్నారు. వారిలో ఎక్కువ మంది శిక్ష పడినవారు కారు, విచారణ ఖైదీలు. బెయిలు కట్టే దిక్కు లేక ఏళ్ల తరబడి ఉండిపోయిన పేదలు వారిలో ఎందరో.

ఆమె ప్రవేశపెట్టిన వాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది ఒక పెట్టె. ఫిర్యాదుల పెట్టెను గోడకు కొట్టి వదిలేయలేదు, బ్యారక్ బ్యారక్‌కూ తిప్పించారు. చీటీలు జైలు సిబ్బంది చేతిలో పడకుండా నేరుగా ఐ.జి. ఆఫీసుకు చేరేవి. ఫిర్యాదు అందిందని, ఏం చర్య తీసుకున్నారని ఖైదీకి తిరిగి జవాబు వచ్చేది. ఫిర్యాదు పెట్టె చాలా ఆఫీసుల్లో ఉంటుంది, హాస్టళ్లలోనూ ఉంటుంది. దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, చీటీ రాసినవాడికి జవాబు వస్తుందా అన్న రెండు ప్రశ్నలు అడిగితే ఆ పెట్టె నిజమో అలంకారమో తెలిసిపోతుంది.

చదువుకున్న ఖైదీలు చదువు రాని వారికి అక్షరాలు నేర్పారు. దూరవిద్యా కేంద్రాలు జైల్లోకే వచ్చాయి. తల్లులతో పాటు లోపల పెరుగుతున్న పసిపిల్లలకు బడి పెట్టారు. పొగాకు మానిపించారు. 1994 ఏప్రిల్‌లో ఎస్.ఎన్. గోయెంకా ఆధ్వర్యంలో వెయ్యి మందికి పైగా ఖైదీలు పది రోజులు మౌనంగా విపస్సన ధ్యానం చేశారు. అదే ఏడు ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. 1995లో తీహార్ నుంచి బదిలీ కూడా వచ్చింది!

2003లో ఐక్యరాజ్యసమితి పోలీసు సలహాదారు అయ్యారు. 2007లో ఢిల్లీ పోలీస్ కమిషనర్ పదవి ఆమెకన్నా జూనియర్‌కు దక్కడంతో స్వచ్ఛంద పదవీ విరమణ చేశారు. తర్వాత రాజకీయాల్లోకి వచ్చి 2015 ఢిల్లీ ఎన్నికల్లో ఓడిపోయారు. 2016 నుంచి 2021 వరకు పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్నారు.

ఐ.పి.ఎస్. శిక్షణ ఇచ్చే ఆ అకాడమీ 1975లో మౌంట్ అబూ నుంచి మన హైదరాబాద్‌కు వచ్చింది. 2014లో దానికి తొలి మహిళా డైరెక్టర్ అయిన అరుణా బహుగుణ ఆంధ్రప్రదేశ్ క్యాడర్ అధికారిణి. అక్కడికి వెళ్లే దారి సివిల్స్ పరీక్షే. ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థులకు 37 ఏళ్ల వరకు ఎన్నిసార్లయినా రాసే వీలుంది, బి.సి.లకు 35 ఏళ్లలోపు 9 సార్లు. ఐ.పి.ఎస్.కు ఆడపిల్లల ఎత్తు 150 సెంటీమీటర్లు, ఎస్.టి.లకు 145 చాలు. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నవారు కూడా ప్రిలిమ్స్ రాయవచ్చు. దరఖాస్తు చేసే ముందు ఆ ఏటి నోటిఫికేషన్‌లో ఇవన్నీ ఒకసారి సరిచూసుకోండి.