వెలుగుకు కొలత

నిజాంపట్నం రేవు నుండి రాత్రివేళ వేటకు సాగే మత్స్యకారులకు ఆకాశం అనాదిగా దారి చూపే గ్రంథం. గొర్రుకొయ్యలు ఎంత పైకి వచ్చాయో చూచి వేళను గుర్తించడం మన పల్లెలలో పెద్దలకు తెలిసిన విద్య. ఆ గొర్రుకొయ్యలకు చేరువలోనే ఎర్రగా మెరిసే ఆర్ద్రా నక్షత్రం ఉంది. రైతు ఆ పేరిట ఒక కార్తెను లెక్కించుకుంటాడు. ఖగోళ శాస్త్రవేత్త దానిని మరొక దృష్టితో పరికిస్తాడు. అది వయసు మళ్ళిన మహాతార. ఎప్పుడో ఒకనాడు బ్రద్దలై సూపర్నోవాగా వెలిగి అంతరించవలసినది.

నక్షత్రం పేలిపోయి, కొన్ని వారాలపాటు తానున్న నక్షత్రవీథి అంతటితో పోటీపడేటంత కాంతిని వెదజల్లడమే సూపర్నోవా. ఇది ముఖ్యంగా రెండు విధాలుగా సంభవిస్తుంది. మహాతార గర్భంలో ఇంధనం తరిగి, అది తన బరువుకు తానే కుప్పకూలడం మొదటి విధం. శ్వేతకుబ్జ తార తన జంట తార నుండి పదార్థాన్ని గ్రహించి హద్దును సమీపించినప్పుడు పేలడం రెండవ విధానికి ఒక మార్గం. సూర్యుని ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లయిన ఆ హద్దునే చంద్రశేఖర్ అవధి అంటారు.

సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1930లో, పంతొమ్మిదేళ్ళ ప్రాయంలో, ఇంగ్లండుకు ఓడలో పయనిస్తూ ఈ గణనకు పూనుకున్నారు. 1935లో ఎడింగ్టన్ వంటి దిగ్గజం నిండు సభలో దానిని త్రోసిపుచ్చారు. ఆయనకు నోబెల్ పురస్కారం లభించింది 1983లో. సత్యం వెలువడిన నాటికీ, లోకం దానిని తలకెత్తుకున్న నాటికీ మధ్య దూరం ఎంత ఉండగలదో ఈ వృత్తాంతం తెలుపుతుంది.

మరి శాస్త్రవేత్త కృషిని లోకం దేనితో కొలుస్తుంది? ఆయన ప్రకటించిన పరిశోధన పత్రాల సంఖ్య ఒక కొలమానం. ఆ పత్రాలను ఇతరులు ఎన్నిసార్లు తమ రచనలలో ఆధారంగా పేర్కొన్నారన్నది రెండవ కొలమానం. దీనినే ఉల్లేఖనం అంటారు. యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో వెలువరించిన ఉల్లేఖన సూచిక ఈ లెక్కకు బాట వేసింది. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ఈ రెండింటినీ కలిపి హెచ్-సూచికను ప్రతిపాదించారు. ఒకరి పత్రాలలో ఇరవై పత్రాలు, ఒక్కొక్కటి కనీసం ఇరవైసార్లు ఉల్లేఖింపబడితే, ఇరవై ఒకటికి ఆ నియమం కుదరకపోతే, వారి సూచిక ఇరవై.

ఉల్లేఖనం మన సాహిత్యానికి క్రొత్త కాదు. పెదపాటి జగ్గన తన ప్రబంధ రత్నాకరంలో పూర్వకవుల పద్యాలను సంకలించి ఉండకపోతే, నేడు అలభ్యమైన కొన్ని కావ్యాల ఆనవాళ్ళు కూడా మనకు దక్కేవి కావు. ఒకరు పేర్కొనడం వల్లనే మరొకరు బ్రదికారు.

సూపర్నోవా పరిశోధనలో ఉల్లేఖనం ఎంతటి శిఖరాన్ని అందుకున్నదో చూడండి. శ్వేతకుబ్జాల పేలుళ్ళలో ఒక తరగతి కాంతిని దూరానికి కొలబద్దగా వాడి, విశ్వవ్యాకోచం నానాటికీ వేగం పుంజుకుంటున్నదని రెండు బృందాలు వేర్వేరుగా కనుగొన్నాయి. 1998, 1999 సంవత్సరాలలో వెలువడిన ఆ రెండు పత్రాలను ఒక్కొక్కదానిని పదివేలకు పైగా రచనలు ఉల్లేఖించాయి. అలెక్స్ ఫిలిపెంకో రెండింటిలోనూ సహరచయిత. 2011లో నోబెల్ పురస్కారం మాత్రం పెర్ల్‌ముట్టర్, ష్మిట్, రీస్ అనే ముగ్గురికే దక్కింది. పత్రం పలువురిది, కీర్తి కొందరిది.

ఇక మన గడ్డమీది ఉదాహరణ. నవాబు జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో నిజామియా వేధశాలను నెలకొల్పారు. 1908లో అది నిజాం ప్రభుత్వానికి సంక్రమించింది. ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలుగా తీసి, నక్షత్రాల స్థానాలను పట్టికలుగా కూర్చాలని 1887లో పారిస్‌లో తలపెట్టిన బృహత్ప్రణాళికలో ఆ వేధశాల పాలుపంచుకున్నది. చాట్‌వుడ్, పోకాక్, టి.పి. భాస్కరన్‌ల సారథ్యంలో దక్షిణాన 17 నుండి 23 డిగ్రీల వరకూ, తరువాత ఉత్తరాన 36 నుండి 39 డిగ్రీల వరకూ గల ఆకాశ భాగాలను చిత్రించి, లక్షలాది నక్షత్రాల స్థానాలను గ్రంథస్థం చేశారు. గాజు పలకలపై చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచిన ఓర్పు అది.

ఆ సంపుటాలు దశాబ్దాలపాటు నిద్రాణంగా ఉన్నాయి. నక్షత్రం కదలిక అత్యల్పం. దానిని తెలియాలంటే పాత స్థానానికీ క్రొత్త స్థానానికీ నడుమ ఏళ్ళు గడవాలి. ఎంత ఎడముంటే అంత కచ్చితత్వం. హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలు అందిన పిమ్మట, హైదరాబాదు మొదలైన వేధశాలల పాత పట్టికలను వాటితో సరిపోల్చి, 2000లో టైకో-2 పట్టికను రూపొందించారు. అందులో సుమారు 25 లక్షల నక్షత్రాలున్నాయి. క్రొత్తగా పొడమిన సూపర్నోవా స్థానం చెప్పాలన్నా, స్థానాలు ముందే తెలిసిన చుట్టుపక్కల తారలే గదా ఆధారం! టైకో-2ను వేలమంది ఉల్లేఖించారు. అయితే ఉల్లేఖనం సాధారణంగా చేతికందిన గ్రంథం వద్దనే ఆగిపోతుంది. దాని వెనుకనున్న హైదరాబాదు కొలతల వరకూ అది రాదు. పలకలను కొలిచినవారి పేరిట ఏ సూచికా లేదు. వారి శ్రమ మాత్రం ఆ అంకెలలో సజీవంగా ఉన్నది.

కనుక అంకెలు నిరర్థకాలని తలచరాదు. అవే సర్వస్వమనీ భ్రమించరాదు. తప్పును ఖండించడానికి పేర్కొన్నా అది ఉల్లేఖనమే. పరస్పర ప్రశంసకు పేర్కొన్నా ఉల్లేఖనమే. అంకె ప్రచారాన్ని తెలుపుతుంది గాని, ప్రయోజనాన్ని పూర్తిగా తెలుపజాలదు. విద్యార్థులారా! ఒకరి కృషిని గ్రహించినప్పుడు ఆ మూలాన్ని పేర్కొనడం మీ ధర్మం; మిమ్ములను ఎవరు పేర్కొంటారో లెక్కించుకోవడం మీ పని కాదు. కొలత కచ్చితంగా ఉంటే, దానిని వెదుక్కుంటూ వచ్చేవారు నూరేళ్ళకైనా వస్తారు.

ప్రశ్నలు

1. ఉల్లేఖనం అనగానేమి? దానికీ ప్రాచీన సంకలన గ్రంథాలకూ గల పోలికను వివరించండి.
2. నిజామియా వేధశాల కృషి ఏ విధంగా సార్థకమైనదో తెలపండి.
3. “అంకె ప్రచారాన్ని తెలుపుతుంది గాని, ప్రయోజనాన్ని పూర్తిగా తెలుపజాలదు.” సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.