మేదస్సు మాటున మంట

కోదాడ నుండి హుజూర్‌నగర్‌కు పోయే దారిలో చిలుకూరు ఉన్నది. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు విడుదలైన పిదప ఈ ప్రాంతం వరిమాగాణిగా మారింది. జొన్నగటకతో కడుపు నింపుకొన్న ఇండ్లలో పూటపూటకూ వరి అన్నం వచ్చింది. దున్నడానికి ట్రాక్టరు, కోయడానికి యంత్రం వచ్చాయి. శ్రమ తగ్గింది, కంచం తగ్గలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి తెలంగాణలోని వయోజన స్త్రీపురుషులలో పదిమందికి సుమారు ముగ్గురు అధిక బరువు గలవారు.

లావుగా ఉన్నవానిని ఊరు 'తిండిపోతు' అని ఒక్క మాటతో తేల్చివేస్తుంది, బకాసురునితో పోలుస్తుంది. చరకసంహిత ఇంతకంటె లోతుగా చూసింది. మేదస్సు మార్గాలను అడ్డగించగా వాయువు కోష్ఠంలోనే సంచరించి జఠరాగ్నిని రగుల్కొల్పుతుందనీ, అందువల్ల అతిస్థూలునికి ఆకలి మరింత హెచ్చుతుందనీ చెప్పింది. పరిభాష పాతదే కావచ్చు. కాని ఆ ఆకలిని మనిషి గుణదోషంగా గాక దేహధర్మంగా గుర్తించడం గమనింపదగినది.

కొవ్వు కేవలం నిల్వసరుకు అని చాలాకాలం భావించారు. అది కూడా ఒక గ్రంథివలె రసాయనాలను స్రవిస్తుందని తరువాత తెలిసింది. 1993లో హార్వర్డ్ పరిశోధకులు స్థూలకాయ ఎలుకల కొవ్వులో శోథాన్ని కలిగించే టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే పదార్థం అధికంగా ఉత్పత్తి కావడాన్ని గుర్తించారు. కొవ్వు కణాలు పరిమితికి మించి ఉబ్బినప్పుడు రోగనిరోధక వ్యవస్థకు చెందిన భక్షక కణాలు అక్కడికి చేరుతాయి. గాయం లేకుండానే గాయపడినట్లు దేహం స్పందిస్తుంది. ఊకలో నిప్పువలె పైకి కనబడక రగిలే ఈ మంట ఇన్సులిన్ ఆజ్ఞను కండరాలు, కాలేయం పాటించకుండా చేస్తుంది. ఫలితంగా మధుమేహం, కాలేయంలో కొవ్వు, రక్తనాళాల వ్యాధులు చుట్టుముడతాయి. భారతీయులలో పొట్టచుట్టూ కొవ్వు చేరే స్వభావం ఎక్కువ కాబట్టి, పాశ్చాత్యులకంటె తక్కువ బరువులోనే ఈ ముప్పు మొదలవుతుంది.

బరువు తగ్గించే శస్త్రచికిత్స కొవ్వును కోసి తీసివేసేది కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో అధికభాగాన్ని తొలగించి గొట్టంవలె మిగులుస్తారు. ఆకలిని ప్రేరేపించే గ్రెలిన్ అనే హార్మోను ముఖ్యంగా ఆ తొలగించిన భాగంలోనే పుడుతుంది. బైపాస్ పద్ధతిలో చిన్న జీర్ణాశయపు సంచిని నేరుగా చిన్నప్రేగుకు కలుపుతారు. ఆహారం త్వరగా ప్రేగు దిగువభాగాన్ని చేరగా జిఎల్‌పి-1 అనే హార్మోను విరివిగా విడుదలై, తృప్తిని కలిగించి, ఇన్సులిన్ స్రావాన్ని పెంచుతుంది.

అమెరికాలో వాల్టర్ పోరీస్ బృందం 1995లో ప్రకటించిన ఫలితాలు వైద్యలోకాన్ని ఆశ్చర్యపరిచాయి. బైపాస్ చేయించుకొన్న మధుమేహ రోగులు 146 మందిలో 121 మందికి రక్తంలో చక్కెర సాధారణ స్థితికి వచ్చి నిలిచింది. మరింత విచిత్రం, బరువు గణనీయంగా తగ్గకముందే కొద్దిరోజులలో ఈ మార్పు కనిపించడం. శోథం మాత్రం అంత త్వరగా చల్లారదు. శస్త్రచికిత్స గాయమే మొదట దానిని కొంత పెంచుతుంది. నెలలు గడిచి కొవ్వు కరిగినకొద్దీ సి-రియాక్టివ్ ప్రోటీన్ వంటి శోథసూచికలు తగ్గుతాయి. మేలుచేసే అడిపోనెక్టిన్ పెరుగుతుంది.

అయితే ఇది మంత్రదండం కాదు. స్వీడన్‌లో 1987లో ఆరంభమైన సుదీర్ఘ అధ్యయనంలో శస్త్రచికిత్స పొందినవారిలో మరణాలు తగ్గినట్లు తేలింది. కాని రెండేళ్ళకు మధుమేహం తగ్గినవారు నూటికి 72 మంది కాగా, పదేళ్ళకు 36 మందే ఆ స్థితిలో మిగిలారు. ఇనుము, కాల్షియం, బి-12, డి విటమిన్ల లోపం రావచ్చు. మాత్రలు, రక్తపరీక్షలు జీవితాంతం తప్పవు. శస్త్రచికిత్స అనంతరం ఏడాది, ఏడాదిన్నరపాటు స్త్రీలు గర్భధారణను వాయిదా వేసుకోవాలి. కావున చిలుకూరువంటి ఊరినుండి నగరానికి వెళ్ళే రోగి కత్తిపడే రోజు ఖర్చును మాత్రమేగాక, ఆ తరువాతి ఏళ్ళలో బస్సెక్కి వెళ్ళవలసిన పరీక్షల లెక్కనూ ముందుగానే వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

కఠిన పదాలకు అర్థాలు: మేదస్సు = కొవ్వు; కోష్ఠం = కడుపు; జఠరాగ్ని = ఆకలి మంట; శోథం = దేహంలో వాపు, మంట; స్రవించు = ఊరు, కారు.

ప్రశ్న: స్థూలకాయుని 'తిండిపోతు' అని నిందించడం ఎంతవరకు న్యాయమో పాఠం ఆధారంగా చర్చించండి.