పోటీ పరీక్షల ప్రత్యేకం: అరకులోయ మండలం

తూర్పు కనుమల్లో, ఒడిశా సరిహద్దున, సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న మండలం ఇది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. పాత పుస్తకాల్లో విశాఖపట్నం జిల్లా అని కనిపిస్తుంది, దిద్దుకోండి. బొర్రా గుహలు అరకు మండలంలో లేవు, పక్కనున్న అనంతగిరి మండలంలోవి. అభ్యర్థులు బోల్తాపడేది ఇక్కడే.

ఆర్థికానికి ఆధారం కొండవాలు సేద్యం. సిల్వర్ ఓక్ నీడన అరబికా కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాలు: ఒకే నేలపై రెండు రాబడులు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కాఫీ కొనుగోలులో గిరిజన సహకార సంస్థ (1956) పాత్ర ముఖ్యం. రాగులు, సామలు, వలిసెలు మిగతా పంటలు. శీతాకాలంలో పసుపుపచ్చగా విరబూసే వలిసె తోటలు పర్యాటకులకు ఫొటోలైతే, రైతుకు నూనెగింజలు. అరకు మీదుగా సాగే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మాత్రం పర్యాటకం కోసం వేసింది కాదు, బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి.

పాలన ప్రశ్నల్లో రెండు చట్టాలు తప్పనిసరి. ఐదో షెడ్యూల్ ప్రాంతం కాబట్టి 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ చట్టం) వర్తిస్తుంది, పంచాయతీల అధ్యక్ష పదవులు అన్ని స్థాయిల్లోనూ గిరిజనులవే. 1/70 భూబదిలీ నియంత్రణ చట్టం ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల పేరిట బదిలీ కాదు.